తాళాలాయన రహస్యం నంబరు

వీధిలో అందరూ ఆవిడని చిటికెమ్మ అంటారు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అంటుంది, అన్నట్టే చేసేస్తుంది కూడా. జేబు చిరిగిందని చొక్కా పట్టుకెళితే, మీరు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే కుట్టి చేతిలో పెడుతుంది. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. మీరు తొడుక్కుంటుంటే కాలర్ సర్దుతుంది, భుజం మీద దారప్పోగు దులుపుతుంది, ఆఖరికి మీ సంచీ జిప్పు కూడా తనే లాగేస్తుంది. ఎదుటి మనిషి నిదానంగా ఏదైనా చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. చేతులు దురదపెడతాయి.

అలాంటావిడకి లోకంలో అందరికన్నా నిదానమైన మనిషి ఇంట్లోనే దొరికాడు. ఎవరో కాదు, మొగుడే. ఆయన తాళాలు బాగుచేసేవాడు. ఓ రోజు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మూతి ఓ పక్కకి జారింది. మాట మిగిలింది గానీ ముద్దముద్దగా, ఆగి ఆగి వస్తుంది. ఎడమచేత్తో ఒక్క గుండీ పెట్టుకోవడానికి ఆయన తంటాలు పడుతుంటే చూడలేక అన్నీ ఆవిడే పెట్టేది. ఓ పొద్దున ఆయన చొక్కా తొడుక్కోనని మొండికేశాడు. "చిన్నపిల్లాణ్ణా నేను" అన్నాడు.

ఆ మాట ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది. ఆ రోజే కూర్చుని కొత్త రకం చొక్కా కుట్టింది. పైకి గుండీలు ఉంటాయి, కానీ ఉత్తుత్తివి. లోపల అయస్కాంతం బిళ్లలు. రెండంచులూ దగ్గరికి తెస్తే చాలు, టక్కున అతుక్కుంటాయి. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి అది చూసి ముచ్చటపడి నాలుగు కుట్టించుకుంది. ఆ నోటా ఈ నోటా పడి పొరుగూళ్ల నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి.

ఇక ఆన్‌లైన్లో కొట్టు పెట్టాల్సిందేనంది కోడలు. ఆ పిల్లది కంప్యూటర్ ఉద్యోగం. సెలవు రోజుల్లో కూర్చుని ఫొటోలు, రంగులు, కొలతలు అన్నీ అమర్చేసింది. డబ్బు కట్టే పేజీ దగ్గరికొచ్చేసరికి అత్తాకోడళ్లకి పేచీ వచ్చింది.

"చొక్కా ఇంటికి చేరాక కట్టమందామంటే, మనవి కొలతకి కుట్టేవి కదత్తయ్యా. ఒకరిది తిరిగొస్తే ఇంకొకరికి పట్టదు. ముందే కట్టించుకోవాలి, అదీ భద్రంగా."

"దానికేం భాగ్యం. ఒకసారి కార్డు నంబరు అడిగి తీసుకుని మన దగ్గరే ఉంచేసుకుందాం. మనవాళ్లవన్నీ వణికే చేతులు. ప్రతిసారీ అన్నన్ని అంకెలు ఏం కొడతారు పాపం."

"అమ్మో, వద్దు. మన కంప్యూటర్లోకి ఎవడైనా దూరాడంటే అందరి నంబర్లూ ఊడ్చుకుపోతాడు. డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీలున్నాయి. కొనేవాళ్లు ఆ కంపెనీ పేజీలోకి వెళతారు. తమ ఫోన్లో, తమ బ్యాంకు యాప్‌లో, తమ రహస్యం నంబరు కొట్టి సరే అంటారు. అది మన కంట కూడా పడదు."

"అంటే నన్ను నమ్మరా వాళ్లు?" అంది చిటికెమ్మ, మూతి ముడుచుకుని.

కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన గొంతు సవరించుకున్నాడు. "మన దగ్గర... ఉంచుకోకూడదు" అన్నాడు.

ఇద్దరూ అటు తిరిగారు. ఆయన పద్ధతి చిటికెమ్మకి తెలియనిది కాదు. తాళం చెవి పోయిందని ఎవరైనా వస్తే, ముందు పల్చటి రేకుతో ఓ నమూనా చెవి కోసి తాళంలో తిప్పి చూసేవాడు. అది కుదిరాక అసలుది చేసేవాడు. తర్వాత వాళ్ల కళ్లెదుటే నమూనాని విరిచి, ఆ ముక్కలు కూడా వాళ్ల చేతిలోనే పోసేవాడు. సొంత బావమరిది వచ్చినా అంతే. నమ్మకం లేకనా అని అడిగితే, ఒకరింటి తాళం చెవి తన దగ్గర ఉంటే తనకే నిద్ర పట్టదనేవాడు.

"సరే, మీ ఇద్దరూ ఒకటయ్యాక నేనేం చేస్తాను" అందావిడ. "కానీ ఒక్క మాట. ఈయన తనంతట తాను కట్టగలగాలి. ఈయన వల్ల కాలేదంటే కొట్టు తెరిచేది లేదు. ఈయనలాంటి వాళ్ల కోసమేగా పెడుతున్నది."

ఆ మధ్యాహ్నమే, ఉత్తినే ఓ రూపాయి కట్టి చూడమని ఆయన ముందు బల్ల మీద ఫోన్ పెట్టారు. ఆయన ఎడమచేతి చూపుడు వేలు ఎత్తి, తెర మీద ఎక్కడ ఆనించాలా అని చూస్తున్నాడు. "ఇదిగో, ఇక్కడండీ" అని చిటికెమ్మ నొక్కేసింది. వేలు మళ్లీ లేచేలోపు ఇంకోటి నొక్కింది. రహస్యం నంబరు అడిగే చోటికి వచ్చింది. "మన పెళ్లయిన సంవత్సరమేగా, నేనేగా పెట్టాను" అంటూ నాలుగంకెలూ పైకి చదువుతూ తనే కొట్టేసింది. "అయిపోయింది. చూశారా, చిటికెలో."

కోడలు తల పట్టుకుంది. "అత్తయ్యా, ఆ రహస్యం ఎదురింటివాళ్లకి కూడా వినపడింది. అయినా కట్టింది మావయ్య కాదు, మీరు."

"కాస్త సాయం చేశాను, తప్పా?"

"కొనేవాళ్ల ఇళ్లల్లో మీరుండరుగా."

చిటికెమ్మ భర్త వైపు చూసింది. ఆయన ఫోన్ బోర్లా పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చొక్కా వద్దన్న రోజున పెట్టిన మొహమే.

"నంబరు మార్చాలి. ఈసారి మావయ్య ఒక్కరే పెట్టుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు" అంది కోడలు మెల్లగా.

"నాకు కూడానా?"

"ముందు మీకే."

ఆవిడకి ముక్కు మీదకి వచ్చింది కోపం. "ఈయన ఏ పక్కకి ఒత్తిగిల్లితే దగ్గొస్తుందో నాకు తెలుసు. ఏ కాలు తిమ్మిరెక్కుతుందో తెలుసు. నాలుగంకెలు తెలిస్తే కొంప మునుగుతుందా?" అని కుట్టుగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎవరూ బతిమాలలేదు. అది ఇంకా మంట.

మిషను ముందు కూర్చుందే గానీ కుట్టు సాగలేదు. చెవులన్నీ అవతలి గదిలోనే. ముందు వేలిముద్రతో ప్రయత్నించినట్టున్నారు. ఏళ్ల తరబడి ఆకురాయి పట్టుకుని అరిగిన వేలు, ఫోన్ ఎక్కడ గుర్తుపడుతుంది. "పోనీలెండి మావయ్యా, అంకెలే కొడుదురు గానీ. తొందరేం లేదు. నేను వంటింట్లో ఉంటాను" అంది కోడలు. తర్వాత చప్పుడు లేదు.

కాసేపటికి ఫోన్ దబ్బున కిందపడింది.

చిటికెమ్మ లేచి గడియ మీద చెయ్యి వేసింది. వంగితే తూలతాడేమో. "ఏవండీ" అన్న పిలుపు గొంతుదాకా వచ్చింది. కుర్చీ జరిగింది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. కుర్చీ మళ్లీ జరిగింది. ఆవిడ గడియ వదల్లేదు, తలుపూ తియ్యలేదు. అక్కడ నిలబడ్డప్పుడు తట్టింది ఆవిడకి. ఒంటిచేత్తో తొడుక్కునే చొక్కా కుట్టి లోకానికంతా పంపుతోంది. మరి ఈయనకి? పొద్దున్నే రెండంచులూ లాగి టక్ టక్‌మని పెట్టేది ఇప్పటికీ తన చేతులే. ఇన్నాళ్లలో ఒక్క గుండీ అయినా ఆయన్ని పెట్టుకోనిచ్చిందా? కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ప్రేమతోనే చేసింది, అయినా ఆయన్ని చిన్నపిల్లాణ్ణి చేసింది తనే.

మిషను మీద ఉన్న ఆవిడ ఫోన్ మోగింది. కొట్టుకి మొదటి ఆర్డరు. లేత నీలం చొక్కా ఒకటి, పొడుగు చేతులు, డబ్బు కట్టేశారు. కొన్న మనిషి పేరు చూసి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. చిరునామా ఈ ఇల్లే. కింద ఓ మాట రాసి ఉంది: "అందరికీ పంపినట్టే పెట్టెలో పంపగలరు."

ఇన్నాళ్లూ ఆయనవన్నీ నమూనా చొక్కాలు, కుట్టు వంకరపోయి అమ్మకానికి పనికిరానివి. అడిగి కొనుక్కున్నది ఇదే.

సాయంత్రానికల్లా చొక్కా కుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, చిరునామా అంటించి, వీధి గుమ్మంలోకి వెళ్లి తలుపు కొట్టింది. కోడలు నవ్వాపుకుంటూ తీసింది. పెట్టె ఆయన ఒళ్లోకి చేరింది. ఆయన టేపు అంచుని పంటితో పట్టి లాగాడు. అది సగంలో తెగింది. మళ్లీ గోటితో గీకాడు. చిటికెమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది.

పడిపోయిన చెయ్యి ముందు దూర్చాడు, తర్వాత రెండోది. టక్. రెండో గుండీ ఎగుడుదిగుడుగా పడింది. ఊడదీసి మళ్లీ పెట్టుకున్నాడు. టక్. కోడలు దీపం వేసి వెళ్లింది. ఆఖరిది కూడా పడ్డాక ఆయన ఛాతీ మీద అరచెయ్యి వేసి నిమురుకున్నాడు.

"ఇంతకీ ఆ నంబరేంటండీ?" అంది చిటికెమ్మ, ఉండబట్టలేక.

"చెప్పను" అన్నాడాయన. వంకర తిరిగిన మూతితో నవ్వాడు.

ఆ మొహాన్ని రోజూ కడిగేది ఆవిడే, తుడిచేది ఆవిడే. అందులో తనకి తెలియనిది ఏమీ లేదనుకునేది. పెళ్లయిన కొత్తలో, ఈ మనిషి లోపల ఏమనుకుంటున్నాడో అని ఎన్నిసార్లు దొంగచాటుగా చూసేదో. ఇప్పుడు మళ్లీ అలాగే చూసింది.

"చెప్పకండి. ఎవరికీ చెప్పకండి" అంది.

వెనకాల ఆయన కాలర్ మడతపడి ఉంది. ఆవిడ చూసింది. చూసి, అలాగే ఉండనిచ్చింది.