నాన్నలాంటి ఊళ్లు

నీరజకు మాట పొదుపు. కర్ణాటకలోని గంగావతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాతికేళ్లకు పైగా హెడ్ నర్సు. అవసరమైనంతే మాట్లాడుతుంది. ఈ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది కాదు, తండ్రిని చూసి విసిగి తెచ్చుకున్నది.

తండ్రి చెంచురామయ్య రేపల్లె దగ్గర పల్లెలో పుట్టి, మీసాలు ముదరకముందే తుంగభద్ర కాలువ కింద పొలం చేసుకోవడానికి కర్ణాటక వెళ్లిపోయిన మనిషి. అలా వెళ్లిన తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. క్యాంపులో ఆయన తల దూర్చని వ్యవహారం లేదు. దారి అడిగితే, తనెప్పుడూ వెళ్లని ఊరికి కూడా దారి చెప్పేవాడు. నీరజను చూడడానికి మొదటిసారి వచ్చిన పెళ్లివారికి, వాళ్ల పొలంలో వాళ్లు నారు ఎలా పోసుకోవాలో కాఫీలు చల్లారిపోయేదాకా చెప్పాడు. వాళ్లు మళ్లీ రాలేదు. "నాకు తెలియదు" అన్న మాట ఆయన నోట ఇంట్లో ఎవరూ వినలేదు. చుట్టుపక్కల కన్నడిగులు తెలియని సంగతికి హాయిగా "గొత్తిల్ల" అనేసి తమ పని చూసుకుంటుంటే, మా నాన్నొక్కడికే ఈ జబ్బేమిటా అని నీరజ చిన్నప్పటినుంచీ తల పట్టుకునేది.

ఆయన పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయినప్పటినుంచీ ఆయన అక్క వెంకటరత్నమ్మ ఫోన్లో ఒకటే గోల. "మీ నాన్న పుట్టిన నేల ఒక్కసారి తొక్కి పోవే!" ఆ పోరు పడలేక నీరజ సెలవు పెట్టి, గుంటూరు మీదుగా తెనాలి చేరింది.

తెనాలి స్టేషన్లో బెంచీ మీదున్న పెద్దావిడను అడిగింది. "రేపల్లె రైలు ఏ ప్లాట్‌ఫారమండి?"

"రేపల్లెలో ఎవరింటికమ్మా?"

"మా మేనత్త ఇంటికండి. ప్లాట్‌ఫారం..."

"మేనత్తా? ఇంటిపేరేంటి వాళ్లది?"

నీరజ చెప్పేలోపు పక్క బెంచీలో ఒకాయన పేపరు మడిచాడు. "రైలెందుకండి, శుభ్రంగా బస్సెక్కక?"

"ఈ ఎండలో బస్సేంటండి? ఆవిడ రైలుకే వెళ్తుంది."

"రైలు లేటంట."

"మీతో ఎవరన్నారు?"

వాళ్లిద్దరూ వాదనలో పడిపోయారు. వెళ్లాల్సిన మనిషి అక్కడే నిలబడి ఉందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. నీరజ పళ్లు బిగించి, వంతెన ఎక్కి దిగి, పెట్టె మీద బోర్డు చూసుకుని రైలెక్కి కూర్చుంది. పెద్దావిడ ఆయాసపడుతూ కిటికీ దగ్గరకొచ్చింది. "మంచినీళ్లన్నా తెచ్చుకోకుండా బయల్దేరతారా ఎవరైనా?" అని కసిరి, తన సీసా లోపలికి తోసింది. కసురుతూ పెట్టడం. నాన్న అన్నం వడ్డించినా ఇలాగే ఉండేది.

రేపల్లెలో మేనత్త ఇంటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఎదురుగా టిఫిన్ కొట్టాయన అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చాడు.

"పెద్దమ్మగారు చెరుకుపల్లిలో పెళ్లికెళ్లారండి."

"పెళ్లేంటి, కంటి ఆపరేషన్‌కి గుంటూరెళ్తేనూ?" పక్కింటి గోడ మీదుగా ఒకావిడ.

"తిరపతి అండి, తిరపతి," అన్నాడు ఆటో ఆపి ఒకతను. అతన్ని ఎవరూ అడగలేదు.

నీరజకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీలో ఎవరికీ తెలియదు కదా? తెలియదని ఒక్కరైనా చెప్పొచ్చుగా!"

ముగ్గురూ నొచ్చుకున్నట్టు చూశారు. కొట్టాయన నిజంగానే అర్థంకాక అడిగాడు. "తెలీదంటే మీకేం ఉపయోగమండి? దూరం నుంచొచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపుతామా?"

సమాధానం ఇవ్వబోయేసరికి ఆమె చేతిలో ఇడ్లీ ప్లేటుంది. "ముందు తినండి, మొహం పీక్కుపోయింది."

రెండో ఇడ్లీ దగ్గర ఫోన్ మోగింది. మేనత్త.

"ఎక్కడున్నావే?"

"రేపల్లెలో, మీ ఇంటి ముందు."

"అక్కడేం చేస్తున్నావే? మేం బాపట్లలో మీ బావ మధు దగ్గరకొచ్చేసి రెణ్ణెల్లయిందిగా!"

"వారం వారం ఫోన్ చేశావు కదత్తయ్యా, చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

నీరజ కళ్లు మూసుకుని, తెరిచి, బాపట్ల బస్సెక్కింది. కండక్టరు ఆమె బ్యాగు ఎక్కడ పెట్టాలో చెప్పాడు. వెనక సీటాయన అక్కడొద్దన్నాడు. కర్లపాలెం దాటేదాకా ఆ బ్యాగు మీద చర్చ నడిచింది.

బాపట్లలో వెంకటరత్నమ్మ గుమ్మంలోనే, ఇంత చిక్కిపోయావేంటి అని, జుట్టుకు ఆ రంగేంటి అని, బస్సులో కుడిపక్క కూర్చుంటే ఎండ తగిలేది కాదని వరసగా తిట్టి, కంచం ముందు కూర్చోబెట్టింది. నీరజ ఇక ఆపుకోలేకపోయింది.

"తెనాలి నుంచి ఇక్కడిదాకా ఎవర్ని కదిలించినా మా నాన్నే, అత్తయ్యా! మా నాన్నొక్కడే అలాగనుకున్నాను. ఊళ్లకు ఊళ్లే ఇంతేనా?"

వెంకటరత్నమ్మ గరిటె ఆగిపోయింది. "మీ నాన్నా? వాడు నోరెప్పుడు తెరిచాడే?"

"నాన్నా?"

"మా ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడేవాళ్లం. కూర కావాలని అడిగే సందు దొరక్క వాడు ఉత్త మజ్జిగన్నం తిని లేచేవాడు. మూగవాడేమోనని మా అమ్మ చీరాల తీసుకెళ్లి డాక్టరుకి చూపించింది. మీ దేశం వెళ్లే రోజు కూడా రైలు దగ్గర మేమందరం జాగ్రత్తలు చెప్తానే ఉన్నాం. బండి కదిలాక వాడు ఏదో అన్నాడు. మా గోలలో నాకు వినపళ్లా."

నీరజ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భాష రాని చోట, ఒక్కడు. వదిలొచ్చిన ఇంటి గోలంతా ఆయనొక్కడే చేసుకోవలసి వచ్చిందేమో. ఇంట్లో తామంతా "ఇక ఆపు నాన్నా" అన్న సందర్భాలు గుర్తొచ్చి, ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది కూడా. ఈ మాట ఆయనే ఒకసారి చెప్పి ఉంటే ఏం పోయింది? అన్నీ చెప్పిన మనిషి ఇదొక్కటీ చెప్పలేదు.

"చీరాల కాదమ్మా, గుంటూరు డాక్టరు," అన్నాడు మేనత్త కొడుకు మధుసూదన్, గదిలోంచి వస్తూ.

"నువ్వు పుట్టావట్రా అప్పటికి?"

"తాతయ్య చెప్పాడుగా!"

"ఆయనకేం గుర్తు?"

తల్లీకొడుకుల మధ్య చెంచురామయ్య మళ్లీ కనపడకుండా పోయాడు. నీరజ మంచినీళ్ల గ్లాసు తీసి బల్ల మీద ఠంగుమని కొట్టింది.

"బావా, నువ్వు కాసేపు నోరు మూసుకో! ఏ ఊరి డాక్టరైతే నాకేం? మా నాన్న గురించి చెప్తోంది, చెప్పనివ్వు! అత్తయ్యా, నువ్వు చెప్పు."

ఆ గొంతుకు నీరజే అదిరిపడింది. ఇన్నేళ్లలో ఆసుపత్రిలో వార్డుబాయి మీద కూడా అంత గట్టిగా అరవలేదు. మధుసూదన్ మాత్రం ఏమీ నొచ్చుకోకుండా కుర్చీ లాక్కుని వినడానికి కూర్చున్నాడు. వెంకటరత్నమ్మ మొహం వెలిగిపోయింది. కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, తమ్ముడి సంగతి తెలియాలంటే ముందు తన పెళ్లి దగ్గర్నుంచి వినాలంది.

"నీ పెళ్లెందుకత్తయ్యా ఇప్పుడు?"

"విను ముందు."

నీరజ ఉసూరుమంటూ నెయ్యి గిన్నె దగ్గరకు జరుపుకుంది.