ఎర్ర బల్బు కింది ఫోటో

యంత్రం దగ్గర ఏం చేయాలో, ఏం చేయకూడదో పనివాళ్లకు అర్థమయ్యేలా పాఠాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఉండేది మన రాష్ట్రానికి దూరంగా హజీరాలో, కంపెనీ క్వార్టర్సులో. దగ్గర్లోనే పాండేసరలోని ఒక రంగుల మిల్లువాళ్లు పిలిస్తే వెళ్లాను. అక్కడ బట్ట ఆరబెట్టే యంత్రం రోలర్లలో పడి వేళ్లు నలుగుతున్నాయి. దాని మీద పనిచేసేవాళ్లంతా మన ఉత్తర తెలంగాణ నుంచి వలస వచ్చినవాళ్లే.

చదవగలిగినవాళ్లకు తెలుగులో నాలుగు వాక్యాలు రాశాను. వినడం ఇష్టమైనవాళ్లకు అదే విషయం ఫోన్లో మాటగా పంపాను. చదువు రానివాళ్లకు ఫోటో. రోలరుకు ఎడంగా నిలబడి, ఆపే మీట మీద చేయి పెట్టి నవ్వుతున్న మనిషి ఫోటో. వాళ్లలోనే ఒకతన్ని నిలబెట్టి తీశాను. తెలిసిన ముఖమైతే అందరూ చూస్తారని నా లెక్క. ఆవిరికి పాడవకుండా అద్దం కట్టించి, యంత్రం దగ్గరి గోడకు ఎత్తున తగిలించి, దూరానికి కనబడాలని పైన చిన్న ఎర్ర బల్బు పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ చేసి యంత్రాలన్నిటికీ దండలు వేశారు. మిగిలిన దండ ఒకటి ఎవరో ఆ ఫోటోకు వేశారు.

పండగయ్యాక మళ్లీ ఆ యంత్రం దగ్గరికి వెళ్లాను. అందరూ తల వంచుకుని ఫోటో కింద నుంచి పోతున్నారు. చూడకపోతే ఇక నేర్చుకునేదేముంది! దండ వాడిపోయినా తీయడానికి ఎవరూ చేయి పెట్టలేదు. కింద అగరుబత్తి బూడిద రాలి ఉంది. ఫోటోలోని మనిషి ఓ మూల ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు.

"సారూ, జర నన్ను దించుండ్రి," అన్నాడు. "నాతోని ఎవ్వలు మాట్లాడ్తలేరు. కోసాడ్‌ల ఇంట్ల నా పెండ్లాం, నేను పండుకుంటే ముక్కుకాడ చెయ్యి పెట్టి చూస్తున్నది. నేను బతికే ఉన్న గదా సారూ?"

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లోనూ పోయిన తాత ఫోటోకు అద్దం, దండ, ఎర్ర బల్బు ఉన్నాయి. చదువు వచ్చినవాడెవడో, రానివాడెవడో ఆరా తీసిన నాకు ఆ ఒక్క సంగతి తోచలేదు.

నిచ్చెన వేయిస్తే ఎవరూ ఎక్కలేదు. నేనే ఎక్కి దించాను. ఈసారి అద్దం వద్దు, బల్బు వద్దు, అందరూ కలిసి నిలబడిన ఫోటోను కాగితం మీదే అచ్చువేసి అతికిద్దామన్నాను. వరసగా నిలబడ్డారు. మధ్యలో అతనికి చోటు వదిలారు, కానీ ఆ చోటు మరీ వెడల్పుగా వదిలారు.

"ఆయన్ను పిలవండయ్యా," అన్నాను.

అందరూ కెమెరాకేసే చూస్తూ నిలబడ్డారు. నాకు మండింది. నేనే పేరు పెట్టి గట్టిగా పిలిచాను. అతను లేచాడు కానీ నా వైపు రాలేదు. పిలిచింది తననో కాదో తేల్చుకోవడానికన్నట్టు, ముందు ఫోటో దించిన ఆ ఖాళీ గోడకేసి చూశాడు.