అమ్మమ్మ చెంపదెబ్బ

నా చిన్నప్పుడు మేం మలయా దేశంలో, హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇపోలో మనవరాలి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని తీరిగ్గా చెప్తున్నాను గానీ, ఆ రోజుల్లో కిటికీ తెరవాలన్నా భయమే. తెల్లదొరలను వెళ్ళగొడతామని కొందరు తుపాకులు పట్టుకుని అడవిలోకి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎవరినైనా ఎరుగుదుమని తేలితే చాలు, పోలీసులు ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించేవారు. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు.

మా ఇళ్ళకి సైకిలు మీద కాయగూరలు తెచ్చే చీనా అన్న ఒకడుండేవాడు. అమ్మమ్మను అరవంలో 'పాట్టీ' అని పిలిచేవాడు. ఆమె చేతి గంజి తాగితే గానీ కదిలేవాడు కాదు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని సైకిలు గంట కొట్టనిచ్చేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఏమయ్యాడని అడిగితే అమ్మమ్మ నా నోరు నొక్కేసింది.

"ఆడి మాటెత్తకే. ఎవులైనా ఇంటారు."

ఒక ఉదయం, పెద్దవాళ్ళు రబ్బరు పాలు తీయడానికి బయలుదేరుతుండగా, పోలీసు ఠాణా వైపు తుపాకులు మోగాయి. మా వైపు జరిగిన మొదటి పోరు అదే. మధ్యాహ్నానికి చప్పుడు ఆగింది. ఆగాకే నాకు ఇంకా భయమేసింది. పిల్లలతో సహా అందరూ ఠాణా ముందుకి రావాలని కబురొచ్చింది. అక్కడ అడవివాళ్ళ శవాలను వరసగా పడుకోబెట్టారు. మేం వాటి పక్కనుంచి నడవాలి. ఎవరి మొహం మారుతుందా అని పోలీసులు చూస్తుంటారు.

మాకంటే ముందు వెళ్ళొచ్చిన పక్కింటి అక్క, అమ్మమ్మను దాటుతూ ఏదో గొణిగింది. నన్ను పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి బిగిసిపోయింది. మరుక్షణం నా చెంప ఛెళ్ళుమంది.

"సెప్పులెక్కడ పారేసినావే!" అని అందరికీ వినపడేలా అరిచింది.

అసలు నాకు చెప్పులే లేవు. అంతవరకూ నన్నొక్క దెబ్బ కూడా వేయని మనిషి. నేను గొల్లుమన్నాను. అలా ఏడుస్తూనే శవాల దగ్గరికి చేరాం. వాటిలో మా చీనా అన్న ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా ఏడుపు రెట్టింపయింది. ఒక పోలీసు మాకు అడ్డొచ్చి, వీణ్ణి ఎరుగుదువా అని మలయ్‌లో అడిగాడు.

"బుడక్ నకాల్, తువాన్," అంది అమ్మమ్మ విసుగ్గా. అల్లరి పిల్ల, దొరగారూ అని. వాచిన నా చెంప చూసి అతను పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి తలుపేసి, చెంపకి కొబ్బరినూనె రాస్తూ అంది. "ఇంక ఏడు, అమ్మా. ఎంతసేపు కావాల్తే అంతసేపు ఏడు. ఎవులడిగినా మా అమ్మమ్మ కొట్టినాదని సెప్పు."

చీనా అన్నంటే నాకెంత ఇష్టమో ఆమెకీ అంతే ఇష్టం. అయినా ఆమె కంట చుక్క రాలలేదు. నన్ను కొట్టి ఏడవనివ్వడానికి ఆమె ఉంది, ఆమెను కొట్టడానికి ఎవరూ లేరు. ఈ సంగతి తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అందుకే ఇప్పటికీ ఎవరైనా చిన్నదానికి పెద్దగా ఏడుస్తుంటే, ఇంతదానికేనా అని నేను అడగను. ఏడవనివాళ్ళ పక్కన మాత్రం ఇంకాసేపు కూర్చుంటాను.