కామా దగ్గర ఒంటికాలు

మూడో తరగతి కిటికీ పక్కనుంచి వెళ్లే కొత్తవాళ్లెవరైనా ఒక్క నిమిషం ఆగి లోపలికి తొంగిచూడాల్సిందే. పిల్లలంతా వరుసగా గది చుట్టూ నడుస్తూ గట్టిగా చదువుతుంటారు. ఉన్నట్టుండి అందరూ ఒక కాలు పైకెత్తి కొంగల్లా నిలబడిపోతారు. అది కామా. మళ్లీ నడక సాగుతుంది. రెండు కాళ్లూ దబ్బున నేలకేసి కొడితే అది ఫుల్‌స్టాప్. వాళ్ల మధ్య వెర్నా నికల్ టీచర్ కూడా ఆ వయసులో, ఆ మోకాళ్లతో, బల్ల అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది.

"కామా అంటే అయిపోయిందని కాదర్రా, ఇంకా ఉందని. కాలు దించేశారో, మిగతా మాట ఎవడూ వినడు" అంటుంది.

ఈ పద్ధతి ఆవిడ ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరిలాగే నల్లబల్ల మీద వాక్యాలు రాసి చెప్పేది. రెండు మాటలు 'కానీ'తో కలిసినచోట కామా పెట్టమంటే పిల్లలు రొట్టె మీద గసగసాలు చల్లినట్టు పేజీ అంతా చల్లేవారు. వేడ్ కార్కమ్ అని ఒకడుండేవాడు, వాడు అసలు చల్లడమే మానేశాడు. విసుగొచ్చి వాణ్ణి నడిపిస్తూ చదివించింది, కామా రాగానే కాలెత్తమంది. వాడు ఎత్తి, వెంటనే బోర్లా పడ్డాడు. తరగతంతా నవ్వింది. వాడికి కామా రాలేదుగానీ మిగతావాళ్లందరికీ వచ్చేసింది. అప్పట్నుంచీ కెనడాలో నోవాస్కోషియా తీరంలోని ఆ చిన్న రేవు ఊళ్లో ఆవిడ చేతికింద చదివినవాళ్లంతా ఒంటికాలి మీదే కామా నేర్చుకున్నారు.

ఇప్పుడు చేపల పడవ నడుపుకుంటున్న ఆ వేడ్ కూతురే లీటా. నలుగురు అన్నల తర్వాత పుట్టింది. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, మాట ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. అందుకని ఆ పిల్ల ఏం చెప్పినా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. సగం ఎవరికీ అర్థం కాదు.

నవంబరు చివర్లో ఆ ఊరివాళ్లు లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యల్ని పట్టే బోన్లు సముద్రంలో దించుతారు. ఆ రోజు తెల్లవారకముందే ఊరంతా రేవు మీద ఉంటుంది. మూడో తరగతి పిల్లల్లో ఒకరు పెట్టె మీద ఎక్కి తను రాసుకున్న మాట చదవడం ఆనవాయితీ. చదవడం అయ్యేదాకా ఏ పడవా తాడు విప్పదు. అయిందంటే మాత్రం ఒకటే పరుగు, ముందు చేరినవాడిదే సముద్రం అడుగున రాతినేల మీద బోన్లు దించే మంచి చోటు. అందుకే పిల్ల ఏం చదువుతోందో ఎవరికీ పట్టదు, ఎప్పుడు ఆపుతుందా అని చూస్తుంటారు.

ఈ ఏడు వంతు లీటాకొచ్చింది. ఆ పిల్ల టీచరు దగ్గరికొచ్చి ఒకే ఒక్కటి అడిగింది: "మా నాన్నకి మొత్తం వినపడాలి టీచర్." వినపడుతుందమ్మా, నేనున్నాగా అని వెర్నా మాటిచ్చింది. ఇచ్చాక నెలంతా మధ్యాహ్నం ఆటల వేళ మానేసి ఆ పిల్లని గది చుట్టూ నడిపించింది.

ఆ రోజు చలికి పెదాలు బిగుసుకుపోతున్నాయి. పడవల మీద బోన్లు మేడల్లా పేర్చి ఉన్నాయి. లీటా పెట్టె ఎక్కింది. గొంతు పెద్దది చేసి, ఒక్కో మాటా విడివిడిగా మొదలుపెట్టింది.

"మీరందరూ జాగ్రత్తగా వెళ్లండి,"

చక్కగా ఆగి, కాలెత్తింది.

అంతే. ఇంజన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. తాళ్లు తెగిపడ్డట్టు ఊడాయి. ఏటా పెట్టె ఎక్కిన పిల్లలు భయంతో గుక్క తిప్పుకోకుండా చదివేసేవారు; అక్కడున్న మగవాళ్లు ఎవరూ రేవు మీద పిల్ల ఊపిరి తీసుకోవడం ఎన్నడూ చూడలేదు, ఆగిందంటే అయిపోయిందనుకున్నారు. ఒకదాన్నొకటి తోసుకుంటూ పడవలు వెళ్లిపోయాయి.

వెర్నా తరగతికి నేర్పింది, రేవుకి నేర్పడం మరిచిపోయింది. తప్పు తనది, ఏడవబోతున్నది ఆ పసిది. పెట్టె మీద లీటా ఇంకా ఒంటికాలి మీదే ఉంది, గడ్డం వణుకుతోంది. దింపేద్దామని వెర్నా చేతులు చాచింది.

అప్పుడు చూసింది. ఒక పడవ మాత్రం కదల్లేదు. పనివాడు "చోటు పోతోంది వేడ్, పద" అని అరుస్తున్నాడు. వేడ్ తాడు గట్టిగా పట్టుకుని, మోకాలిదాకా వచ్చే రబ్బరు బూటుతో ఒక కాలు పైకెత్తి, ఊగే పడవ మీద పడిపోకుండా నిలబడి ఉన్నాడు. ఆ నలభై ఏళ్ల మనిషి కూతురి వైపే చూస్తున్నాడు.

లీటా చదివింది. "మేం అల్లం కేకు చేసి వేడిగా ఉంచుతాం, కానీ చీకటి పడకముందే మీరు ఇంటికి రావాలి."

వేడ్ రెండు బూట్లూ దబ్బున పడవ చెక్కల మీద వేశాడు.

"మొత్తం విన్నానే తల్లీ. వస్తాను" అన్నాడు. తర్వాత వెర్నా వైపు తిరిగాడు. "ఈసారి పడలేదు టీచర్."

"చూశాన్లేరా" అంది వెర్నా. లీటాని పెట్టె మీంచి దింపి పక్కన నిలబెట్టుకుంది. ఆ ఏడు మంచి చోట్లన్నీ అప్పటికే పోయాయి. పడవలన్నిటికీ వెనకగా, ఒంటరిగా, వేడ్ పడవ రేవు దాటింది.