పనికిరాని ఫోటో

మొన్న సాయంత్రం టీవీలో వార్తలు చూస్తున్నాను. ఎక్కడో చల్లని దేశంలో ఒక పెద్ద హాలు, హాలు నిండా కోట్లు తొడుక్కున్న పెద్దలు. ప్రాణాలు తీసే అంటురోగాల్ని భూమ్మీద లేకుండా చెయ్యడానికి మా దేశం ఇంత ఇస్తుంది, మా సంస్థ ఇంత ఇస్తుంది అని ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పడం, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టడం. మంచి పనే, కాదనను. ఆ డబ్బు రాకపోతే ఏమవుతుందో కళ్ళారా చూసినదాన్ని. కానీ ఆ వేదిక వెనక గోడంత తెర మీద ఒక ఆడమనిషి ఫోటో వేశారు. రేగిన జుట్టు, వెలిసిపోయిన చీర, నులకమంచం, దీనమైన మొహం. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది, టీవీ కట్టేశాను. పక్కన కూర్చున్న మనవరాలు “క్యా హువా నానీ?” అని అడిగింది గానీ ఆ పిల్లకి ఏమని చెప్పను? తెలుగులో చెబితే సగం అర్థం కాదు, హిందీలో చెబితే నాకు కోపం సరిగ్గా రాదు. ఆ రోజుల నాటి భిలాయి తెలిసిన నా ఈడువాళ్ళతోనే చెప్పుకోవాలి ఇది.

మా నాన్న స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. మేం పిల్లలమంతా అక్కడి కూలీల బస్తీ క్యాంప్ 1 సందుల్లోనే పెరిగాం. తొంభైల్లో నాకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది కూడా ఆ దగ్గర్లోనే, ఒక పెద్ద వయసు డాక్టరుగారు చందాలతో నెట్టుకొస్తున్న టీబీ ఆసుపత్రిలో. ఆసుపత్రి అన్నానని భవనం ఊహించుకోకండి, రెండు గదులూ ఒక వరండా, అంతే. కిటికీ పక్కన నా మైక్రోస్కోపు ఉండేది. దానికి కరెంటు దీపం లేదు, అడుగున చిన్న అద్దం ఉండేది, దాన్ని వెలుతురుకేసి తిప్పుకుని చూడాలి. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి నా పని సగమే. రోగుల కఫాన్ని గాజుపలక మీద పూసి రంగులు వేసి చూస్తే, జబ్బు ఉన్నవాళ్ళదైతే నీలం మధ్యలో సన్నటి ఎర్రపుల్లలు కనిపించేవి. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి కంపెనీ వైద్యం ఉండేది. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసే కూలీలకీ వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ మేమే దిక్కు.

ఆరు నెలలు ఆపకుండా మందులు మింగితే పోయే జబ్బు అది, మధ్యలో ఆపితే మొండికేస్తుంది. ఈ సంగతి రోగికి చెప్పడం సులువే, ముందు మాకు మందులుండాలి కదా. తెల్లమాత్రలు వచ్చిన నెల ఎర్రమాత్రలు రావు, ఎర్రమాత్రలు వచ్చేసరికి తెల్లవి అడుగంటుతాయి. డాక్టరుగారు ఇంగ్లీషులో చెబుతుంటే నేను రాసుకుని, సుపేలా బజారులో టైపు కొట్టించి, ఎన్ని దేశాల సంస్థలకి ఎన్ని ఉత్తరాలు పంపామో లెక్కలేదు. మేం మందులు అడిగితే వాళ్ళు ఫారాలు పంపేవారు, ఫారాలు నింపి పంపితే మీ ప్రాంతం ఈ ఏడాది మా పథకంలో లేదని మర్యాదగా రాసేవారు. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా చిరాకు పుట్టేది.

ఆ రోజుల్లోనే మా చిన్నత్తకి దగ్గు పట్టుకుంది. చిన్నత్త అంటే మా నాన్నకి ఆఖరి చెల్లెలు, నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. చిన్నప్పుడు నాకు జడలు వేసిందీ, పౌడరు రాయకుండా గుమ్మం దాటనివ్వనిదీ ఆవిడే. ఆవిడ భర్త ఠేకేదారు కింద ఫర్నేసుల్లో ఇటుకలు మార్చే పనికి వెళ్ళేవాడు. వీధిలో అడిగినవాళ్ళందరికీ ఆయాసం అని చెప్పుకుంటూ నెలల తరబడి గడిపింది. నేనే ఒకనాడు దెబ్బలాడి, డబ్బీలో కఫం పట్టించి తెచ్చుకుని చూశాను. ఎర్రపుల్లలు కనిపించాయి. పలకలు మారిపోయాయేమోనని ఇంకొకటి చేసి చూశాను, అందులోనూ ఉన్నాయి. ఎందరివో చూసి చీటీ రాసి పక్కన పడేసినదాన్ని, ఆ రోజు చీటీ మీద పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

విషయం చెబితే ఆవిడ ఏడవలేదు. ఒక్కటే అడిగింది. “డాట్రుబాబు తగ్గిపోతాదన్నాడు గదే, సాల్లే. గానీ మన ఈదికి తెలీకూడదు కోడలా. కులాయి కాడ నా బిందె ఎవులూ పక్కకి జరపకూడదు.” క్యాంపులో ఉన్నవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. వీధి మొత్తానికి ఒకటే కుళాయి, ఎవరి బిందె వరసలో ఎక్కడ ఉందన్నదే అక్కడ మనిషి పరువు. అలాగే అత్తా అన్నాను. ఆవిడ ఆసుపత్రి మెట్లెక్కకుండా నేనే టిఫిను క్యారేజీ అడుగు గిన్నెలో మాత్రలు పెట్టుకుని వెళ్ళి ఇచ్చి వచ్చేదాన్ని. రెండు నెలలకి మొహంలో కళ వచ్చింది. అంతలో ఎర్రమాత్రలు అయిపోయాయి. బజారులో కొందామంటే ఠేకేదారు కింద కూలీ సంపాదన ఏ మూలకి? దగ్గు మళ్ళీ మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఒక విదేశీ సంస్థ నుంచి ఆశపెట్టే ఉత్తరం వచ్చింది. రోగికొక పెట్టె చొప్పున పంపుతారట, ఒక్కో పెట్టెలో ఒక మనిషికి మొదటి నుంచి చివరిదాకా సరిపడా మందులు, పెట్టె మీద ఆ మనిషి పేరు. మధ్యలో ఆగిపోవడమన్న మాటే ఉండదు. దాతలకి చూపించడానికి మాత్రం ఒక రోగి ఫోటో కావాలన్నారు. ఎవరిని అడిగినా ఒప్పుకోలేదు. చివరికి అత్తని అడిగాను. ఈ ఫోటో సముద్రం అవతలికి పోతుంది, చూసేవాళ్ళంతా దొరలు, మన వీధిలో ఎవరు చూస్తారత్తా అని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. నా నోటితో నేను చెప్పిన మాట అది.

ఆవిడ ఒప్పుకుని ఏం చేసిందో చూడండి. పెళ్ళినాటి పట్టుచీర తీసి కట్టింది, కాటుక పెట్టింది, పౌడరు రాసింది, సుపేలాలో మల్లెపూలు కొని తురుముకుని నేరుగా స్టూడియోకి వెళ్ళింది. వెనక తెర మీద మెట్లూ తోటా, పక్కన ఉత్తుత్తి స్తంభం, దాని మీద చెయ్యి ఆనించి నవ్వుతూ తీయించుకుంది. నవ్వకండి, మన క్యాంపు ఇళ్ళలో ఎవరైనా అదే చేసి ఉండేవారు. ఊరికి పంపే ఫోటో అంటే అంతే కదా! ఇక్కడ రేషను గోధుమలు తిని గడుపుతున్నా సరే, ఊళ్ళోవాళ్ళు చూసి “బాగున్నారు” అనుకోవాలి. మా అమ్మ అరువు గొలుసు వేసుకుని తీయించుకున్న ఫోటో మా తాతగారింట్లో ఏళ్ళ తరబడి గోడ మీద ఉండేది. దూరాన ఉన్నవాళ్ళకి కష్టం కనిపించనివ్వకూడదన్నదే మాకు తెలిసిన మర్యాద.

నాకూ ఆ ఫోటో ముచ్చటగానే అనిపించింది, కవరులో పెట్టి పంపాను. నెల తర్వాత తిరిగొచ్చింది. వెనకవైపు నీలం పెన్సిలుతో ఇంగ్లీషులో పనికిరాదని రాసి ఉంది. రోగి బాధ తెలిసేలా ఉన్న ఫోటో పంపితే మేలని ఉత్తరం. బాధ తెలియాలంటే రెండు నిమిషాలు ఆవిడ పక్కన కూర్చుని దగ్గు వినమనండి అని డాక్టరుగారి మీద అరిచాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఫోటో కోసం పేచీ పెట్టుకుంటే ఎర్రమాత్రలు రావమ్మా అన్నారు.

డాక్టరుగారి కెమెరా పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళాను. జడ విప్పించాను, పాత చీర కట్టించాను, బొట్టు చిన్నది చేయించాను, నులకమంచం మీద కూర్చోబెట్టి నవ్వొద్దన్నాను. “ఏటే కోడలా, నానింకా బతికే ఉన్నాను గదే, సచ్చినదాన్నాగ కూకోబెట్టీసినావేటి?” అంది. ఎవరికో సరదాగా చెప్పినట్టే అంది గానీ కళ్ళు నా వైపు పెట్టలేదు. నేనే మీట నొక్కాను. పనికిరాదన్న స్టూడియో ఫోటో ఆవిడ చేతికి ఇచ్చేస్తే, రేకుపెట్టెలో చీరల అడుగున దాచుకుంది.

వానాకాలం వెళ్ళాక పెట్టెలు వచ్చాయి. అబద్ధం ఎందుకు, ఆ రోజు ఆనందంతో ఏడ్చాను. అత్త పెట్టె మీద పేరు నేనే గుండ్రంగా రాశాను. కొత్త నియమం ఏమిటంటే రోగి రోజు విడిచి రోజు వచ్చి మా కళ్ళముందే మాత్రలు మింగాలి, మేం కార్డు మీద గుర్తు పెట్టుకోవాలి. అత్త వీధిలో నాకు క్యారేజీ పట్టుకెళ్తున్నానని చెప్పుకుని వచ్చి మింగిపోయేది. నెలన్నర బాగా గడిచింది. అప్పుడు అదే సంస్థ నుంచి ఇంకో పార్సెలు వచ్చింది, చుట్టలు చుట్టిన పోస్టర్లు. ఒకటి విప్పితే గుమ్మమంత కాగితం మీద మా అత్త, రేగిన జుట్టుతో. కింద ఆవిడకేదో వేరే పేరు పెట్టి, రోగి వివరాలు బయటపడకుండా పేరు మార్చామని చిన్న అక్షరాల్లో వేశారు. పేరు దాచి, మొహం గుమ్మమంత చేసి పంపిన ఆ తెలివికి ఏ పేరు పెట్టాలో నాకు ఈరోజుకీ తెలియదు.

వరండాలో అందరికీ కనిపించేలా అంటించాలని, తనిఖీకి వచ్చినప్పుడు చూస్తామని ఉత్తరంలో ఉంది. డాక్టరుగారితో జీవితంలో మొదటిసారి గట్టిగా దెబ్బలాడాను. ఆయన అంతా విని, బీరువాలో వరసగా పేర్లతో ఉన్న పెట్టెల వైపు చూపించి, వీళ్ళందరికీ నువ్వే చెప్పమ్మా అన్నారు. మైదాపిండి జిగురు కాచి నేనే అంటించాను. రాత్రికి చింపేద్దామనుకున్నాను, చింపలేదు. ఉద్యోగం పోతుందని కాదు, పెట్టెలు ఆగిపోతాయని. అయినా చింపలేదన్నది మాత్రం నిజం.

మర్నాడే పిల్లాడి దగ్గుకని వచ్చిన పొరుగామె “అరే, యే తో హమారీ గలీ కీ దీదీ హై!” అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా వీధి అక్కే అని గుర్తుపట్టేశాక ఇంక ఆపడం ఎవరి తరం? సాయంత్రానికి కుళాయి దగ్గర అత్త బిందె ఒక్కటీ ఒకపక్క, వరసంతా ఇంకోపక్క.

ఆ తర్వాతి రోజు అత్త మందుకి వచ్చింది. వరండాలో తన బొమ్మ ముందు నిలబడి కాసేపు చూసింది. నేను కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవలేకపోయాను. లోపలికి వచ్చి చెయ్యి చాపింది, మాత్రలు వేసుకుంది, గ్లాసుడు నీళ్ళు తాగింది. “గుర్తెట్టుకోండి మేడంగారూ” అంది. కోడలా అన్న పిలుపు ఆ రోజుతో సరి. అయితే ఒక్క రోజు కూడా మానలేదు, తన బొమ్మ కిందే నిలబడి పెట్టె ఖాళీ అయ్యేదాకా మింగింది. ఆఖరి పరీక్షలో పలకంతా నీలమే, ఒక్క ఎర్రపుల్ల లేదు. పరిగెత్తుకుని వరండాలోకి వెళ్ళి చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే క్యాంపు విడిచి సుపేలా అవతల ఎక్కడో అద్దెగదికి మారిపోయారు.

ఆ ఫోటో తీసెయ్యమని సంస్థకి రాశాను. మందపాటి కాగితం మీద జవాబొచ్చింది, ఆ చిత్రం ఎందరి మనసులనో కదిలించిందనీ, విరాళాలు పెరిగాయనీ, ధన్యవాదాలనీ. పెరిగాయి కూడా. ఆ ఏడాది మేం ఎవరినీ మందుల్లేవని వెనక్కి పంపలేదు. అక్కడే నా కోపం ఇరుక్కుపోయింది. సంస్థని తిడదామంటే పెట్టెలు కళ్ళముందు కదులుతాయి. డాక్టరుగారిని తిట్టడానికి నోరు రాదు. వీధిని తిడదామంటే అందులో పుట్టి పెరిగినదాన్ని. తిరిగి తిరిగి మీట నొక్కిన వేలి దగ్గరికే వస్తాను. ఎందరు బతికారన్నా ఆ వేలికి ఊరట లేదు.

అత్త ఆ తర్వాత పాతికేళ్ళు బతికింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎదురుపడితే మేడంగారూ బాగున్నారా అనేది, అంతే. మూడేళ్ళ క్రితం గుండెజబ్బుతో పోయిందని తెలిసి వెళ్ళాను. హాల్లో గోడ మీద దండ వేసిన ఫోటో. పట్టుచీర, మల్లెపూలు, స్తంభం మీద ఆనించిన చెయ్యి, నవ్వు. పోయేముందు రేకుపెట్టెలోంచి తనే తీసి, ఇదే పెట్టాలని మరీ మరీ చెప్పిందట. ఇది ఎప్పటిదో మాకెవరికీ తెలీదు అంటూ, మీకేమైనా తెలుసా అని అత్త కొడుకు అడిగాడు. తెలీదు బాబూ అన్నాను.

ఇప్పుడు చాలా మారింది. నా అద్దం మైక్రోస్కోపు స్థానంలో యంత్రాలొచ్చాయి, రోగుల పేర్లు కంప్యూటర్లలో ఉంటున్నాయి, మందులు అప్పటికంటే సులువుగా దొరుకుతున్నాయని చెబుతారు, దొరకాలనే కోరుకుంటాను. మారనిది టీవీలో చూసిన ఆ హాల్లో వేదిక వెనక ఫోటో ఒక్కటే. మొన్న టీవీ కట్టేశాక తెల్లవారుజాము దాకా నిద్రపట్టక ఆలోచించాను, ఆ మంచం మీది మనిషికి కూడా ఎక్కడో ఒక పెట్టె ఉండే ఉంటుందని, అందులో తను కావాలనుకున్న ఫోటో ఒకటి దాచుకునే ఉంటుందని. మా అత్తది మాత్రం పెట్టెలోంచి గోడ మీదికి వచ్చింది. నీలం పెన్సిలు రాత దాని వెనకే ఉండి ఉంటుంది, గోడ వైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా. అత్త పోయిందని వెళ్ళిన రోజు దాని ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. కోడలా అంటుందేమోనని పిచ్చిదానిలా కాసేపు చూసి వచ్చేశాను.