నేను లేననుకోండి

మా మేడమ్ పోయారని మా టీమ్‌లోని సుధాకర్ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో బస్సు ఎప్పటిలాగే ఆగిపోయి ఉంది. "మేడమ్ ఇగ లేదక్కా. పొద్దున పోయిందంట. వాళ్ళ సార్ ఫోన్ చేసిండు" అన్నాడు. వెనక సీటులో ఎవరో మీటింగులో ఉండి "నా మాట వినిపిస్తుందా, వినిపిస్తుందా" అని అరుస్తున్నాడు. ఏ పాపమూ ఎరగని ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆమె మీకు తెలిసే అవకాశం లేదు. కానీ మీరెప్పుడైనా రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు కోసం ల్యాబుకు తిరక్కుండా ఫోనులోనే చూసుకుని ఉంటే, అది ఇంకెవరి కంటా పడకుండా మీదాకా రావడానికి ఇలాంటి మనిషి ఒకరు ఎక్కడో కాపలా ఉన్నారనుకోండి. మా కంపెనీ కొన్ని ల్యాబులకు ఆ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. ఆమె మా టీమ్ లీడ్.

మా పనేమిటో ఇంట్లో వాళ్ళకు చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. ఒకసారి మేడమ్ పుప్పాలగూడలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా అమ్మ వడ్డిస్తుంటే, "మీ బీరువా తాళంచెవి ఎక్కడ పెడతారండి?" అని మామూలుగా అడిగారు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగి, "గా ముచ్చట నీకెందుకమ్మా?" అంది. మేడమ్ పడీ పడీ నవ్వారు. "అదేనండి మీ అమ్మాయి ఉద్యోగం. అందరి తాళంచెవులూ ఒక బీరువాలో దాచడం, ఎవరడిగినా ఇలా నీకెందుకు అనడం." అమ్మకు ఆ రోజు నుంచి నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

మా టీమ్‌లో కూడా ఆ సర్వర్‌కు బీరువా అనే పేరు స్థిరపడిపోయింది. అది మా ఆఫీసులో ఉండదు, ఎక్కడో దూరాన ఉన్న యంత్రం. డేటాబేసుల పాస్‌వర్డులన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి. ఏదైనా కావాలంటే మౌస్ పట్టుకుని నొక్కితే రాదు. నల్లటి తెర మీద కమాండ్ టైపు చేసి, ముందు మనమెవరమో నిరూపించుకుని, ఆ తర్వాత అడగాలి.

మేడమ్ అలా కమాండ్ టైపు చేశాక చేతులు రెండూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. అప్పుడు రాసినదంతా పైకి చదివేవారు, ఒక్క చుక్క, ఒక్క గీత వదలకుండా. అంతా సరిగ్గా ఉందనుకుంటేనే ఎంటర్ నొక్కేవారు. ఆదివారాలు తెల్లాపూర్‌లో వాళ్ళ చర్చిలో పిల్లలకు వాక్యం చదివి వినిపించేవారు కదా, ఆ అలవాటు ఇక్కడికీ వచ్చిందని మేం ఆటపట్టించేవాళ్ళం. ఆమె ఏమీ అనుకునేవారు కాదు. "చదివి కొట్టండమ్మా. కొట్టాక చదివితే దాన్ని పశ్చాత్తాపం అంటారు" అనేవారు.

సుధాకర్ చేరిన కొత్తలో పాస్‌వర్డును కమాండ్‌లోనే రాసేశాడు. అలా రాస్తే అది ఆ యంత్రం జ్ఞాపకంలో మిగిలిపోతుంది, తర్వాత ఎవరైనా వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. తెలిశాక వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుని, పాత పాస్‌వర్డు తీసేసి కొత్తది పెట్టించారు. "తాళం మార్చడం శిక్ష కాదు బాబూ, ఇల్లు ఊడ్చుకోవడం. రోజూ ఊడుస్తామా లేదా?" ఆ మాటతో సుధాకర్ ఆమె మనిషైపోయాడు.

బీరువాకు ఒక మొండితనం ఉంది. కరెంటు పోయో మరెందుకో ఆగి మళ్ళీ మొదలైతే, తనంతట తాను తెరుచుకోదు. దాని అసలు తాళంచెవిని ఐదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ఫైలుగా ఐదుగురికి పంచారు. అందులో ఏ ముగ్గురైనా కలిసి తమ ముక్కలు అందిస్తేనే తెరుచుకుంటుంది. బీరువాకు జోడుగా అదే తాళంతో ఇంకో యంత్రం కూడా ఉంది. నెలకోసారి, మొదటి శుక్రవారం, భోజనాలయ్యాక మేడమ్ ఆ జోడు యంత్రాన్ని కావాలని ఆపి మొదలుపెట్టేవారు. ఫోను బల్ల మీద వదిలేసి, చున్నీ సర్దుకుని, "నేను లేననుకోండి" అని లిఫ్టు ఎక్కేవారు. గేటు పక్కన టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవారు. మేం ఆమె సాయం లేకుండా తెరవాలి. తెరిచాక ఒకరు కిందికి వెళ్ళి, తెరుచుకుందని చెప్పి ఆమెను పైకి తీసుకురావాలి. అదీ ఆచారం.

మొదట్లో ఒకసారి ఎంతకీ తెరుచుకోకపోతే నేను కిందికి పరుగెత్తాను. "మేడమ్, జర ఒక్క మాట చెప్పున్రి" అన్నాను.

"నేను లేను కదమ్మా, ఎవర్నడుగుతున్నావ్?" అని ఆమె టీ కొట్టాయన వైపు తిరిగారు. "ఏవండీ, ఇక్కడ మీకెవరైనా కనిపిస్తున్నారా?"

ఆయన టీ వడకడుతూ తలెత్తకుండా, "ఎవ్వరు లేరు మేడమ్" అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు. ఒళ్ళు మండిపోతూ పైకొచ్చాను. మా తప్పేదో మేమే వెతుక్కుని తెరిచాం.

జబ్బు సంగతి తెలిశాక ఆమె దవాఖానకూ ఇంటికీ తిరుగుతూ ఉండేవారు. ఒకరోజు తలకు నూలు గుడ్డ కట్టుకుని ఆఫీసుకొచ్చారు. కొత్తగా చేరిన నస్రీన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, "నా ముక్క ఈ పిల్లకు ఇవ్వాలి. అన్నీ కొత్త ముక్కలు చేద్దాం" అన్నారు.

"మీరు మంచిగై వచ్చినంక చూద్దాం మేడమ్. గంత తొందరేముంది?" అన్నాను.

"వస్తే మళ్ళీ నాకివ్వండి. రాకపోతే మీరు తలుపు బయట నిలబడకూడదు కదమ్మా."

కొత్త ముక్కలు తయారయ్యాయి. ఆ క్షణం నుంచి పాతవి ఎందుకూ పనికిరావు. "పాతవి ఇప్పుడే చెరిపేసుకోండి. పనికిరానివి గుత్తిలో ఉంటే పనికొచ్చేది చేతికి తగలదు" అన్నారు. లేచేటప్పుడు నస్రీన్ భుజం పట్టుకుని, "హమ్మయ్య, ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. హాయిగా ఉంది" అని నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ఎవరికీ మనసు రాక ఆచారం జరపలేదు.

ఆమెను సమాధి చేసిన మర్నాడు సర్వర్లున్న చోట కరెంటు పోయింది. బీరువా, దాని జోడు రెండూ ఒకేసారి ఆగి, మళ్ళీ మొదలై, మూసుకుని కూర్చున్నాయి. పాస్‌వర్డులు అందక ల్యాబుల తెరలన్నీ తెల్లబోయాయి. ఒక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. "రిపోర్టు చూడందే పేషెంటును ఆపరేషన్‌కు తీసుకోనంటున్నారండీ డాక్టర్‌గారు. ఎంతసేపు పడుతుంది?" ముక్కలున్న ఐదుగురిలో ఒకరు విమానంలో ఉన్నారు, ఇంకొకరు సెలవులో ఉండి ఫోను తీయడం లేదు. మిగిలింది సుధాకర్, నస్రీన్, నేను. ముగ్గురం సరిపోతాం.

ముగ్గురం ముక్కలిచ్చాం. బీరువా కాదంది. మళ్ళీ ఇచ్చాం. మళ్ళీ కాదంది. ఎవరి ముక్క తప్పో అది చెప్పదు. నస్రీన్ కీబోర్డు దగ్గర్నుంచి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "నాదే తప్పేమో అక్కా, నేనే కదా కొత్త" అంది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోను. ఒక్కసారి మేడమ్‌ను అడిగితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. అడగడానికి ఇప్పుడు బెంచీ మీద కూడా లేరు.

అప్పుడు చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "చదువుదాం" అన్నాను. "ముక్క కాదు, అది ఏ ఫైల్లకెల్లి తీస్తున్నరో ఆ పేరు. ఒక్కొక్కరు పైకి చదవండి." నేను చదివాను. నస్రీన్ గొంతు సవరించుకుని చదివింది, సరిగ్గానే ఉంది. సుధాకర్ సగం చదివి ఆగిపోయాడు.

"ఇది పాతదక్కా" అన్నాడు.

"చెరిపేయమన్నది గదరా! ఎందుకుంచినవ్?"

"నాకు మొదటిసారి ముక్క ఇచ్చిననాడు మేడమ్ పక్కన కూసొని పెట్టిచ్చిన ఫైలు ఇది. చెరపబుద్ధి కాలే." వాడి కళ్ళు నిండిపోయాయి.

వాడు కొత్త ముక్క తీశాడు. ముగ్గురం మళ్ళీ ఇచ్చాం. బీరువా తెరుచుకుంది. నేను పాస్‌వర్డు తీసే కమాండ్ రాసి, చుక్కలతో సహా పైకి చదివి, ఎంటర్ కొట్టాను. కాసేపటికి ఆసుపత్రి వాళ్ళే ఫోన్ చేసి రిపోర్టు వచ్చిందన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అంత దుఃఖంలోనూ సంతోషంగా ఉంది, ఆమె లేకుండా తెరవగలిగామని. ఆమె కోరుకున్నది కూడా అదే. సుధాకర్ పాత ఫైలు చెరిపే కమాండ్ రాసుకున్నాడు, పైకి చదివాడు, "కొడుతున్న మేడమ్" అని కొట్టాడు.

తర్వాతి నెల మొదటి శుక్రవారం భోజనాలు కాగానే నస్రీన్ నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. "అక్కా, ఇయ్యాల మీరు కిందికి పోవాలె. ఫోన్ ఇక్కడ పెట్టి పోన్రి." నా ముక్క అక్కర్లేకుండా మిగతా వాళ్ళు తెరుస్తారట. ఎదురు చెప్పబోయి మానుకున్నాను. ఫోను బల్ల మీద పెట్టి, "నేను లేననుకోండి" అని లిఫ్టు ఎక్కాను.

బెంచీ మీద కూర్చున్నాను. టీ కొట్టాయన గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. పైన ఏం జరుగుతోందో తెలియదు. నస్రీన్ మళ్ళీ కుర్చీ వెనక్కి జరుపుకుందేమో తెలియదు. వెళ్ళి చూడాలని కాళ్ళు లాగుతున్నాయి. మేడమ్ అంత నిమ్మళంగా ఎలా కూర్చునేవారో ఇక్కడ! ఆ మాటే ఆయనతో అన్నాను.

"నిమ్మళమా?" అన్నాడాయన. "మేడమ్ ఎన్నడు ఒక్క గుటక తాగలే చెల్లె. లిఫ్టు దిక్కే చూసుకుంట కూసునేది. మీలో ఎవరో ఒకరు వచ్చి తెరుచుకుందని చెప్పినంకనే, నేను మళ్ళ వేడి చేసిస్తే తాగేది."

నా గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. ఆయన చెయ్యి చాపాడు. "ఇటియ్యి, వేడి చేస్త."

"ఆగన్నా" అన్నాను. "పిల్లలు రానీ."