నడుముకు కట్టిన మసాలా

సూర్యాపేటలో గరిటె పట్టినవాళ్లందరూ ఒక ఎత్తు, కైలాసం ఒక్కడూ ఒక ఎత్తు. ఈ మాట ఊరు అనకముందే ఆయనే అనేవాడు. మునగాల పెళ్లిలో తను పప్పుచారుకు తాలింపు పెడితే, ఆ ఘుమఘుమకు బెజవాడ బస్సు దారి తప్పి వచ్చి పందిట్లో నిలబడిందట. ప్రయాణికులతో పాటు బస్సుకూ ఒక విస్తరి వేశారట.

ఆయన కోతలన్నిటిలోకీ జనం నిజమని నమ్మింది ఒక్కటే, నడుము మసాలా. 1967లో హైదరాబాదు వెళ్లి రెండు నెలలకు తిరిగొచ్చినప్పుడు బనీను కింద, ఎడమ పక్కన ఏదో ఉబ్బెత్తుగా కనబడింది. "ఏందన్నా గది?" అని అడిగితే, "నవాబుల వంటాయన కాడ పందెంల గెలిచిన మసాలా. సంచిల పెడితే ఎవడన్న కొట్టేస్తడని ఒంటికే కట్టుకున్న" అన్నాడు. మిర్యాలగూడ వంటవాళ్లు ఆ పొట్లం కోసం ఆయన వెంట తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నారు.

అది మసాలా కాదని తెలిసింది భార్య ఉప్పలమ్మకు ఒక్కదానికే. ఆయనకు పెద్దపేగు చివర గడ్డ లేచింది. హైదరాబాదు డాక్టర్లు దాన్ని తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్ట మీద ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టారు. దాని పేరు కొలాస్టమీ. ఇకమీదట మలం అక్కడినుంచే. మొదటి నెల ఆయన అటు కన్నెత్తి చూడలేదు. కడుపు మాడ్చుకుంటే బాధ తప్పుతుందనుకుంటే, ఖాళీ కడుపు గాలితో ఇంకా మోగింది.

"తిను, టయానికి తిను. పేగుకు అలవాటు నేర్పాలె" అని నర్సు మందలించి, దగ్గరుండి అంతా నేర్పింది. పొద్దున్నే మేకుకు తగిలించిన ఎనిమా డబ్బా, రబ్బరు గొట్టం, పేగులోకి ఎక్కించే గోరువెచ్చని నీళ్లు, అంతా కడిగి బయటికి వచ్చేదాకా గంటసేపు ఓపిక. తర్వాత స్నానం, శుభ్రమైన మడత గుడ్డ, దాని మీద ఉప్పలమ్మ కుట్టిన పట్టీ. మర్నాటిదాకా దాదాపు చింత లేదు. గాలి పుట్టించే అలసందలు, క్యాబేజీ పెళ్లివాళ్లకు వండేవాడు గాని తను ముట్టేవాడు కాదు.

ఒంటికి అలవాటైంది గాని నోటికి ధైర్యం రాలేదు. తెలిస్తే ఇక వంటకు ఎవరు పిలుస్తారు?

1971లో కోదాడలో ధాన్యం వ్యాపారి దశరథ కూతురి పెళ్లి. మూడు రోజుల ముందు నుంచే కైలాసం వంట. ఆ వంటిల్లు దశరథ అక్క చంద్రకళ రాజ్యం. ఆవకాయ జాడీ మూత ఆమె తప్ప ఎవరూ తియ్యకూడదు. అలాంటి మనిషి ఈ మూడు రోజులూ గోడకు చేరగిలబడి కూర్చునే ఉంది. గుత్తివంకాయ కూర మాత్రం మారు అడిగి వేయించుకుంది. పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం, బూరెలకు పూర్ణం కలుపుతున్న కైలాసం పక్కకు పీట జరుపుకుంది.

"ఆ మసాలా గుట్టు నాకు చెప్పవయ్యా. పోయేదాన్ని, నాతోనే పోద్ది."

"గట్లంటవేందక్కా?"

"పేగులో గడ్డంట. ఆపరేషన్ చేస్తే బతుకుతానంట, కానీ పొట్టకు బెజ్జం పెడతారంట. ఛీ! ఆ ఒంటితో ఈ వంటింట్లోకి ఎట్లా వస్తాను? ఆ చేత్తో వండితే ఎవరు తింటారు? వద్దని తమ్ముడికి చెప్పేశా."

కైలాసం చెయ్యి ఆగిపోయింది. రేపు ఆరువందల మంది భోజనం. మాట బయటపడితే ఈ గంగాళాలన్నీ కాలవలో బోర్లిస్తారు. మిర్యాలగూడ దాకా ఏ ఇంటి పొయ్యీ తనకోసం వెలగదు. నాలుక చివరికి ఇంకో కోత వచ్చింది. మింగేశాడు.

"నాకు గదే ఆపరేషనైంది. నాలుగేండ్లాయె."

ఆమె పకపకా నవ్వింది. "పోవయ్యా! బస్సుకు విస్తరి వేయించినోడివి!"

"ఒట్టక్కా."

"నిన్ను కరిచి పామే చచ్చిందన్నప్పుడూ ఒట్టేశావు."

బతుకులో ఒక్క నిజం చెబితే అది చెల్లలేదు. కైలాసం లేచి, చేతులు కడుక్కుని, కొట్టుగది గుమ్మం దగ్గర బనీను ఎత్తి పట్టీ వదులు చేశాడు. ఎర్రగా, తడిగా, రూపాయి బిళ్లంత పేగు కొస.

నవ్వు ఆగింది. చంద్రకళ వంగి దగ్గరగా చూసింది.

"నొప్పా?"

"ముట్టుకున్నా తెల్వదు. జర మెత్తగ తుడవాలె, గంతే."

"వాసన?"

"మూడు దినాల సంది నా పక్కనే కూసున్నవ్. నువ్వే చెప్పు."

ఆమె కూర గిన్నె వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది. "అయితే నేను తిన్నది..."

"ఈ చేతి వంటనే. మారు అడిగి మరీ తిన్నవ్."

ఆమె అరిస్తే అయిపోయినట్టే.

ఆమె అరవలేదు. "పట్టీ బిగించుకో. చేతులు సబ్బుతో కడుక్కునిరా. పూర్ణం ఆరిపోతుంది."

ఆయన వచ్చేసరికి పళ్లెం ముందు పెట్టుకుని ఉండలు చుడుతోంది. దశరథ అటుగా వచ్చి, "అక్కా, లేచావా! మసాలా గుట్టు చెప్పాడా ఏంటి?" అన్నాడు.

"చెప్పాడు. పెళ్లయిన మర్నాడే హైదరాబాద్ పోదాం, ఆపరేషన్‌కి."

"మసాలాకీ దానికీ ఏంటి సంబంధం?"

"నువ్వెళ్లి విస్తళ్లు చూసుకో."

ఎండాకాలం పోయాక కోదాడ బస్సులో ఒక ఆవకాయ జాడీ వచ్చింది, దాంతో ఒక చీటీ: "కలిపింది నేనే. ఇంట్లో అందరూ తింటున్నారు. పట్టీ జారుతోంది, ఉప్పలమ్మని కొలత రాసి పంపమను."

కైలాసం మొదటి ముద్ద కలుపుకుని కళ్లు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందని ఉప్పలమ్మతో అన్నాడు. ఆ జాడీని బస్సే స్వయంగా రోడ్డు దిగి ఇంటిదాకా మోసుకొచ్చిందని వాడకట్టులో చెప్పాడు.